పడవ వాటా

ఫిబ్రవరి ఒకటో తారీకు.
డాక్‌యార్డు లెక్కల సెక్షనులో
క్యారేజీలు తెరిచి పెట్టుకుని, తినకుండా టీవీ చూశాం.
రక్షణ గురించి మంత్రిగారి నోట ఒక్క వాక్యం వచ్చింది,
అదీ బల్లలు చరిచే మోతలో సగం వినబడలేదు.

సాయంత్రానికి కాగితాలొచ్చాయి.
నేలకి ఇంత.
గాలికి ఇంత.
నీటికి,
గిన్నె అడుగున గరిటె తగిలే చప్పుడంత.

మా సూపరింటెండెంటు బొడ్డేపల్లి తవిటయ్య పాత హవల్దారు.
రెండు కాలివేళ్లు మంచుకొండ మీద వదిలేసి
మిగతా మనిషి సోంపేటకి తిరిగొచ్చాడు.
"ఏటమ్మా, కాగితాన్ని అలా సూస్తన్నావు?
ఓడకి ఆకలేస్తే ఏడుస్తాదేటి? మనిసి ఏడుస్తాడు.
మనుసులెక్కువ మందున్నది నేల మీదే గదా."
నేను మాట్లాడలేదు.
నాకు తెలిసిన లెక్క పెదజాలరిపేటది,
దానికి ఈ ఆఫీసులో ఫారం లేదు.

వేట ఒడ్డుకొచ్చాక
ముందు డీజిలు బాకీ, ఐసు బాకీ.
తర్వాత పడవకో వాటా, వలకో వాటా, ఇంజనుకోటి.
ఆ పైన మిగిలితే మనుషులు.
మా అయ్య నరసింగులు ఇసకలో గవ్వలు పేర్చి పంచేవాడు.
అక్షరం రాదు, అణా తేడా రాదు.
ఎవడైనా గొణిగితే
"పడవకి నోరు లేదురా, అందుకే దాని వాటా ముందు తీస్తన్నాను.
నోరున్నోడివి, నువ్వెలాగూ అడుగుతావు" అనేవాడు.

అన్నీ తీసాక తట్టలో ఓ దోసెడు
లెక్కలోకి రాకుండా పక్కనుండేది.
తుఫానులో పోయిన ఎర్రోడి పెళ్లాం వచ్చి కొంగు పట్టేది.
ఆ కాసేపూ మగాళ్లందరికీ
వలలో ఏదో చిక్కుముడి దొరికేది.

ఇప్పుడు నా బల్ల మీద
ఆ దోసెడికి ఒక పద్దు పేరుంది, పింఛన్లు.
తట్టంతా అదే తినేస్తోందని, కొత్త ఓడకి మిగలట్లేదని
పైనుంచి మెమో మీద మెమో.
ఆ అంకెల్లో ఎక్కడో తవిటయ్య కాలివేళ్లున్నాయి.
గాజువాక నుంచి ఏటా బతికున్నానని చెప్పడానికొచ్చే ముసలామె ఉంది.
వేలిముద్ర అరిగిపోయి మిషను ఒప్పుకోదు.
"మరి నాను సచ్చిపోనానా బావూ?" అని మిషన్నే అడుగుతుంది.

డ్రైడాకులో పాత ఓడ కడుపు కింద
కింతాడ సింహాద్రి సుత్తితో తుప్పు రాలుస్తాడు.
రంగు కింద రంగు, దాని కింద తుప్పు.
"దాని కింద ఇనుమున్నాదో లేదో,
మరీ గట్టిగా కొట్టొద్దన్నారు" అని నవ్వుతాడు.
ఇంకో ఫైలు ఏడాదిగా తిరుగుతోంది:
సముద్రం మీద కాపలా తిరిగే విమానం
గాలి వాటానా, నీటి వాటానా?
విమానం మాత్రం పొద్దున్నే
యారాడ కొండ మీదుగా వెళ్లి వస్తూనే ఉంది.

ఆ రాత్రి పేటకెళ్లాను.
అయ్య కళ్లు మసక, వేళ్లే చూస్తున్నాయి వలని.
కాగితంలో ఉన్నది నోటితో చెప్పాను.
గవ్వలు తెమ్మన్నాడు. అరుగు మీద పేర్చడం మొదలెట్టాడు.
నేల కుప్ప. గాలి కుప్ప. నీటి కుప్ప.
పోయినోళ్ల ఇళ్లకి ఓ కుప్ప,
దాన్ని రెండుసార్లు పెంచాడు, నేను చెప్పకుండానే.
ఆగి, తలెత్తాడు.
"ముందు బాకీ తియ్యలేదే. బాకీ ఎంత?"
"అది వేరే కాగితంలో ఉంటాది అయ్యా. మా సెక్షను కాదు."
"పడవొకటే గదే?"
"ఒకటే."

కాసేపు నా వైపు చూసి
గవ్వలన్నీ అరచేత్తో చెరిపేసి
మళ్లీ వల ఒళ్లోకి లాక్కున్నాడు.
బయట లంగరేసిన ఓడల దీపాలు వెలుగుతున్నాయి.
ఐదో, ఆరో.
లెక్కపెడుతుంటే అమ్మ అన్నానికి పిలిచింది.